ఏడో బోర్డు మీది చెయ్యి

మా సూపర్వైజరు పోయి ఆరేళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. అలా అనేవాళ్ళ ముందు ఎవరూ ఏనాడూ ఒక కాగితం పెట్టి సంతకం చెయ్యమని అడిగి ఉండరు. నాకింకా కోపం ఉంది. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే మంచి సంగతులు గుమ్మంలోనే ఆగిపోతున్నాయి, కోపం మాత్రం తిన్నగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటోంది. సరే, దాంతోనే మొదలుపెడతాను.

ఊళ్ళో ఫోన్లన్నీ మనుషుల చేతుల మీదుగా వెళ్ళే రోజులవి. టెలిఫోన్ ఎక్స్ఛేంజి మేడ మీద పొడుగాటి హాలు. గోడవారగా పన్నెండు బోర్డులు, ఒక్కో బోర్డు ముందు ఒక ఎత్తు కుర్చీ, అందులో ఒక ఆడపిల్ల. ఎవరైనా రిసీవరు ఎత్తితే మా ముందు చిన్న దీపం వెలుగుతుంది. ఒక ప్లగ్గు గుచ్చి "నంబరు చెప్పండి" అనాలి. రెండో ప్లగ్గు వాళ్ళడిగిన నంబరు కన్నంలో గుచ్చాలి. పొరుగూరికైతే అది ట్రంక్ కాల్. చీటీ రాయాలి, వరస ప్రకారం కలపాలి, మూడో నిమిషం నిండగానే "మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా" అని అడగాలి. కలిపిన వెంటనే మీట వెనక్కి వెయ్యాలి. మీట ముందుకుంటే వాళ్ళ మాటలు మన చెవిలో పడతాయి, వెనక్కేస్తే పడవు. ఆ ఉద్యోగపు పరువంతా ఆ బొటనవేలంత మీట మీదే నిలబడి ఉండేది.

మా సూపర్వైజర్ని చాటున "ఇనప్పెట్టె" అనేవాళ్ళం. పందొమ్మిదేళ్ళు బోర్డు మీద పనిచేసి పైకొచ్చిన మనిషి. అన్నేళ్ళలో ఎవరి కాపురం ఎలా ఉందో, ఎవరి వ్యాపారం ఎక్కడ చిరిగిందో ఆవిడ చెవిన పడకుండా ఉండదు. ఒక్క ముక్క బయటికి రాలేదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఒకటే పాఠం చెప్పేది. "చెవిలో పడ్డది చెవిలోనే చచ్చిపోవాలి. కావాలని పడేసుకుంటే చచ్చేది ఉద్యోగం." నేను చేరిన నెలలోనే ఒకమ్మాయి మీట వెయ్యకుండా ఎవరో మొగుడూపెళ్ళాల తగువు వింటూ నవ్వుకుంటోంది. ఆవిడ వెనకనుంచి వచ్చి ఆ పిల్ల నెత్తిమీది హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, "మిగతాది ఇంటికెళ్ళి నవ్వుకో" అంది. ఆ పిల్ల మళ్ళీ మెట్లెక్కలేదు.

నేను ఆవిడ ఇంట్లోనే వెనక గదిలో అద్దెకుండేదాన్ని. ఆఫీసులో మేడమ్, ఇంటికొచ్చినా మేడమే. వేరే పిలుపుకి నాకు నాలుక తిరగలేదు. ఆ ఇంట్లో ఆవిడా, కూతురూ ఇద్దరే. భర్త ఆ పిల్లకి ఆరేళ్ళప్పుడు పోయాడు. అప్పటికి పిల్లకి పదిహేడు నిండాయి, కాలేజీలో చదువుతోంది. మాటకారి. నన్ను అక్కా అనేది, నా గదికొచ్చి నా పుస్తకాలన్నీ తిరగేసి, "ఇన్ని చదివి ఒక్క మాటా పైకి అనవేం అక్కా" అని ఏడిపించేది.

తల్లి దగ్గర ఆ నోరు లేచేది కాదు. అన్నాల దగ్గర ఆవిడ, "ఊఁ, ఏంటి సంగతి. క్లుప్తంగా చెప్పు" అనేది. పిల్ల రెండో వాక్యంలోకి వచ్చేలోపే "సరే, అర్థమైంది" అని కంచం ఎత్తేది. పిల్ల నాతో అనేది, "మా అమ్మతో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాలక్కా. అర్జెంటైతే డబుల్ రేటు." ఆ మాట ఒకసారి ఆవిడ చెవిన పడింది. నవ్వలేదు. "రోజంతా ఊరంతా నా చెవిలో అరుస్తుంటే ఇంటికొచ్చాక ఇంకా చెవెక్కడ మిగులుతుంది" అంది. అందులో అబద్ధం లేదు. కానీ మర్నాడే కాంటీన్లో ఇంకొకావిడతో, "మా అమ్మాయి నా దగ్గర ఏదీ దాచదు" అని గర్వంగా చెప్పుకుంది. వినేవాళ్ళు లేనిచోట దాచడమెందుకు? చెప్పని మాటలు ఎక్కడివక్కడే పడుంటాయి.

వంటింటి గోడకి ఆవిడ వారం డ్యూటీల చార్టు అంటించి ఉండేది. ఆ బుధవారం చార్టులో మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున తొమ్మిదింటికి పిల్ల పుస్తకాలు పట్టుకుని వెళ్ళిపోయాక కబురొచ్చింది, రెండో సూపర్వైజరు కొడుక్కి జ్వరమట. ఈవిడ పొద్దుటి డ్యూటీకి వచ్చేసింది. చార్టు దిద్దలేదు.

పదకొండుంబావుకి నా ముందు, అంటే ఏడో బోర్డులో, బజారు మందుల షాపు దీపం వెలిగింది.

"అక్కా, నువ్వేనా. పెద్దమ్మ నంబరు కలుపు."

వాళ్ళ పెద్దమ్మ మేడమ్‌కి సొంత అక్క. రెండు వందల మైళ్ళ అవతల ఉంటుంది.

"కాలేజీ లేదా ఇవాళ?"

"అదే చెప్దామని పెద్దమ్మకి. మీట వెనక్కేస్తావుగా?"

"వేస్తానమ్మా తల్లీ."

"తెలుసులే. మీ హాల్లో ఎవరూ వినరని అమ్మ చెప్తుందిగా. ఆ మాట నమ్మే ఈ షాపుకొచ్చాను."

లైను ఖాళీగానే ఉంది. చీటీ రాశాను, కలిపాను, మీట వెనక్కేశాను.

మేడమ్ అలవాటుగా కుర్చీల వెనక నడుస్తోంది. నా చీటీ మీద సొంత అక్క నంబరు కనబడింది. మందుల షాపు నుంచి. ఒక్క క్షణం ఆగింది. కొత్తవాళ్ళకి పని నేర్పేటప్పుడు తగిలించే రెండో హెడ్‌సెట్ కన్నం ప్రతి బోర్డుకీ ఉంటుంది. తన హెడ్‌సెట్ తీగ అందులో గుచ్చింది. నా భుజం మీదుగా చెయ్యి వచ్చి మీట ముందుకు తోసింది. ఆవిడ చెవిలో పడేది నా చెవిలోనూ పడింది.

"...కాలేజీకెళ్ళి నెల దాటింది పెద్దమ్మా. పార్కులో కూర్చుని నాలుగింటికి ఇంటికెళ్తున్నా. అమ్మకి చెప్పకు. ఎందుకంటే..."

ఆ చెయ్యే రెండు ప్లగ్గులూ ఒక్క లాగు లాగేసింది.

'ఎందుకంటే' అన్న మాట దగ్గర. ఆ పిల్ల బతుకులో ముఖ్యమైన మాట ఆ తరువాతిదే. నేను తిరిగి చూశాను. ఆవిడ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. మందుల షాపు దీపం మళ్ళీ వెలిగింది.

"అక్కా, కట్టయింది."

మేడమ్ నా వెనకే నిలబడి ఉంది. ఊపిరి నా మెడకి తగులుతోంది.

"లైను పోయింది" అన్నాను.

ఆ అబద్ధం నాది. ఆవిడ మీద ఎంత కోపమొచ్చినా, ఆ రెండు ముక్కలు ఆవిడ ఖాతాలోకి తొయ్యలేను.

రెండింటికి డ్యూటీ దిగి ఇద్దరం ఒకే దారిన ఇంటికొచ్చాం. ఆవిడ చీరైనా మార్చుకోకుండా ముందుగదిలో కూర్చుంది. నాలుగింటికి పిల్ల వచ్చింది.

"ఏం చెప్పారివాళ కాలేజీలో?"

"మామూలే."

"మామూలంటే?"

"మామూలంటే మామూలేనమ్మా. పాఠాలు."

"నెలరోజుల పాఠాలూ ఒకేసారి అప్పజెప్పు. ఇవాళ తీరిగ్గా వింటాను."

పిల్ల పుస్తకాలు బల్ల మీద పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"మీ కాలేజీవాళ్ళు దారిలో కనిపించారు."

"ఎవరు?"

"ఎవరైతే నీకెందుకు."

పిల్ల తల్లి తల వైపు చూస్తోంది. సూపర్వైజరైనా హెడ్‌సెట్ తియ్యకపోవడం ఆవిడ అలవాటు. దాని ఇనప పట్టీ గంటల తరబడి నెత్తిన ఉంటే జుట్టులో అడ్డంగా గాడి పడుతుంది, సాయంత్రానికి గాని పోదు. "ఇవాళ నీకు మధ్యాహ్నం డ్యూటీ కదమ్మా. ఈపాటికి ఆఫీసులో ఉండాలి."

"మారింది."

"చార్టులో మారలేదు. ఎందుకు వెళ్ళట్లేదో అడగవా?"

"అడగడానికేముంది. నా చెవులు తూట్లు పడేలా పనిచేసి నిన్ను చదివిస్తుంటే, నువ్వు పోయి పార్కులో కూర్చుంటావా."

"పార్కు సంగతి" అంది పిల్ల, "నేను పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ చెయ్యి లేచింది. పొద్దున నా భుజం మీదుగా వచ్చిన చెయ్యే. చెంప మీద పడింది. పిల్ల కదల్లేదు. నెమ్మదిగా తలుపు దగ్గరున్న నా వైపు తిరిగింది.

"లైను పోయిందన్నావు కదక్కా."

ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, ఒక్క మాట దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే పిల్ల ఎక్స్ఛేంజి కింద కిటికీ దగ్గరికెళ్ళి ఫిర్యాదు ఫారం నింపింది. కాల్ మధ్యలో తెగితే అలా ఫిర్యాదు ఇవ్వచ్చు. మూడోరోజుకల్లా సూపర్వైజరు విచారించి, ఆ బోర్డు మీదున్న అమ్మాయి సంతకంతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. శనివారం సాయంత్రం పెద్దాఫీసరు ఫిర్యాదుల పుస్తకం చూస్తాడు. ఫారంలో పిల్ల రాసింది ఇదే: 'బుధవారం ఉదయం మందుల షాపు నుంచి నేను చేసిన ట్రంక్ కాల్ రెండో నిమిషంలో తెగింది. తెంపినవారి పేరు తెలియజేయగలరు.'

కిటికీ గుమాస్తా ఫారం పైకి తెచ్చి పళ్ళికిలించాడు. "మేడమ్, అడ్రసు మీ ఇంటిదే రాసింది. ఇంట్లో అడిగితే చెప్పరా ఏంటి?"

శుక్రవారం ఆవిడ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. జవాబు రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు. 'లైను లోపం వల్ల తెగినది.'

"సంతకం పెట్టు."

"లైను లోపం లేదు మేడమ్."

"లైనన్నాక ఏదో లోపం ఉంటుంది."

"నా బోర్డు. నా సంతకం. రేపు ఎవరైనా తిరగదోడితే నా మెడకే చుట్టుకుంటుంది."

"ఎవరూ తిరగదోడరు. నిన్ను పర్మినెంటు చెయ్యాల్సిన కాగితాలు కూడా ఈ బల్ల మీదే ఉన్నాయి. చూసుకో."

'మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా' అనే గొంతుతోనే ఆ మాట అంది. అంత మెత్తగా. నా ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా ఆ హాల్లో నా గొంతు 'నంబరు చెప్పండి' కంటే పైకి లేవలేదు.

"కంచే చేను మేసినప్పుడు ఇంక కాపలాకి నేనెందుకు మేడమ్. తీసేయండి. నవ్విన పాపానికి ఒకమ్మాయిని పంపేశారు. మరి మీరేం చేశారు?"

మిగతా పదకొండు బోర్డుల దగ్గరా తలలు మావైపు తిరిగాయి. ఆవిడ వాళ్ళని చూడలేదు. కాగితం అంచు గోటితో మడుస్తూ కూర్చుంది.

"రెండ్రోజులైంది అది నాతో మాట్లాడి" అంది. "కంచం ముందు పెడితే తింటోంది. తీసేస్తే లేస్తోంది. నేనే విన్నానని రాసిచ్చానంటే, ఈ జన్మకి మాట్లాడదు."

"మాట్లాడితే వింటారా మీరు?"

నేనొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. రెండు తప్పు నంబర్లు కలిపాను.

శనివారం నా డ్యూటీ అయ్యాక కిందికి దిగేసరికి కిటికీ దగ్గర పిల్ల నిలబడి ఉంది. వెనక ముగ్గురు. కిటికీలో గుమాస్తా లేడు. మేడమే కూర్చుంది. జవాబు కాగితం చువ్వల సందులోంచి ఇచ్చింది. నా సంతకం ఉండాల్సిన చోట ఖాళీ.

పిల్ల చదివింది. "ఏ బోర్డు?"

"ఏడు."

"అక్కది. అక్క పేరెందుకు లేదు?"

"తను పెట్టనంది."

"ఎందుకు పెట్టనంది?"

వెనకనున్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"నాకు లోపం వద్దమ్మా, పేరు కావాలి" అంది పిల్ల. కాగితం మళ్ళీ లోపలికి తోసింది. "లైనే తెంపిందంటే ఇక నేను ఏ లైన్లోనూ మాట్లాడను. నీతో కూడా. నిజంగా లైనే తెంపిందా?"

ఆవిడ కలం తీసింది. 'లైను లోపం వల్ల' అన్నది కొట్టేసింది. గుండ్రటి అక్షరాలు కాదు ఈసారి, గీతలు పక్కకి పోయాయి. 'నేను విన్నాను. నేనే లాగాను' అని రాసి, కింద పేరూ హోదా రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేసి, అదే మాట ఫిర్యాదుల పుస్తకంలోనూ ఎక్కించింది. ఆ సాయంత్రం పెద్దాఫీసరు అది చూస్తాడని తెలిసే ఎక్కించింది.

నా కోపం ఆ ముద్రతో పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అందులోనూ నా చేత కూడా తొక్కించి.

పిల్ల ఆ కాగితాన్ని మడిచి తన కాలేజీ పుస్తకంలో పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్తాను" అంది. "మధ్యలో లాగకు."

అక్కడే, చువ్వల ఇవతల నిలబడి చెప్పింది. లెక్కల లెక్చరరు ఒకరోజు డబుల్ రేటు కట్టకుండానే అర్జెంటని తన ట్రంక్ కాల్ ముందు కలపమన్నాడట. మేడమ్ 'వరస వరసే' అంది. రెండు గంటలు ఆగాల్సొచ్చింది. ఆయన కోపం ఆవిడ మీద చూపించలేక, ఆవిడ కూతురి మీద చూపించాడు. రోజూ క్లాసులోకి రాగానే, "ఏమ్మా హలో, లైన్లో ఉన్నావా? మీ అమ్మ నన్ను ఆపింది, నువ్వో గంట నిలబడు" అనేవాడు. క్లాసంతా ఒక్కసారిగా "హలో" అనేది. రెండు వారాలు నిలబడింది. తరవాత పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

"నాకెందుకు చెప్పలేదే" అంది ఆవిడ.

"అయిపోలేదింకా."

ఆవిడ నోరు మూసుకుంది.

"చెప్తే 'సరే, అర్థమైంది' అని లేచిపోతావనుకున్నా. లేవకపోతే ఇంకా భయం. నా కోసం ఈసారి ఆయన కాల్ వరస తప్పించి ముందు కలుపుతావేమోనని. నువ్వు వరస తప్పడం నాకిష్టం లేదు. ఊళ్ళో అందరికీ నీ గురించి అదొక్కటే చెప్పుకునేదాన్ని." ఆగింది. "ఇప్పుడు అయిపోయింది."

వెనకనుంచి ఆ పెద్దమనిషి, "అమ్మా, మా ఫిర్యాదు కూడా ఉందండీ" అన్నాడు.

"వరసలో ఉండండి" అంది మేడమ్.

సోమవారానికి ఆవిడ సూపర్వైజరు కాదు. ఎనిమిదో బోర్డు మీద, నా పక్క కుర్చీలో వేశారు. తన కింద పనిచేసిన పిల్లల మధ్య ఇంకా పదకొండేళ్ళు కూర్చుంది. కొందరు ఆవిడకి వినబడేలాగే "ఇనప్పెట్టెకి తుప్పు పట్టింది" అనేవాళ్ళు. తల్లీ కూతురూ కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళారు. లెక్చరరు "సరదాకన్నానండీ" అన్నాడు. ప్రిన్సిపాలు "సరదాకన్నాడటమ్మా" అన్నాడు. పిల్లని వేరే సెక్షన్‌కి మార్చారు, ఆయన్ని మాత్రం ఎక్కడికీ మార్చలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా పళ్ళు బిగుసుకుంటున్నాయి.

నా పర్మినెంటు కాగితాలు కొత్త సూపర్వైజరు పంపింది. మేడమ్ నన్ను క్షమించమని ఎప్పుడూ అడగలేదు. తన ప్లగ్గులు తుడుచుకునేటప్పుడు నా ప్లగ్గులు కూడా తుడిచేది. అదే క్షమాపణ అనుకోమన్నారు తోటివాళ్ళు. ప్లగ్గులు తుడవడం ప్లగ్గులు తుడవడమే.

ఇంట్లో మాత్రం ఒక పద్ధతి వచ్చింది. అన్నాల దగ్గర పిల్ల మాట్లాడుతుంటే, 'అయిపోయింది' అనేదాకా తల్లి నోరెత్తకూడదు. మొదట్లో ఆవిడ పెదాలు బిగబట్టి, చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చునేది. చూడ్డానికి నవ్వొచ్చేది. ఒక్కోరోజు పిల్ల కావాలని ఆ మాట అనకుండా పడుకునేది. ఆవిడ మర్నాటి దాకా ఊరుకునేది.

మూడు నెలల తరవాత ఒకరోజు ఎనిమిదో బోర్డు మీద కాలేజీ దీపం వెలిగింది. లెక్కలాయన. ఇంకో ఊళ్ళో హాస్టల్లో ఉన్న తన కొడుకుతో మాట్లాడాలట. నేను పక్కనుంచి ఆవిడ చేతుల్నే చూస్తున్నాను. వరస ప్రకారం కలిపింది. మీట వెనక్కేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. మూడో నిమిషానికి "పొడిగించమంటారా" అని అందరినీ అడిగినట్టే అడిగింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా కడుపులో అది ఆగలేదు.

"మీ లెక్కలాయన కాల్ ఇవాళ మీ అమ్మ చేతిలో పడింది" అన్నాను గుమ్మంలోంచే. "కొడుకుతో మాట్లాడాడు. నేనైతే లాగేదాన్ని."

"ఎవరి కాల్ ఎవరికొచ్చిందో ఇళ్ళల్లో చెప్పకూడదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని కసిరింది మేడమ్.

పిల్ల తల్లి మొహంలోకి చూసింది.

"విన్నావా?"

"మీట వెనక్కేశాను."

పిల్ల ఇంకాసేపు అలాగే చూసి, "సరే" అని కంచాలు తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజమేనా అని నన్ను అడగలేదు. నేను ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.